పది హ్యాండ్లు ఆడితే పది రెట్లు అదృష్టం రాదు

సంపాదకులకు నమస్కారం.

ఆన్‌లైన్ పేకాట గురించి పత్రికల్లో వార్త వచ్చిందంటే అప్పుల పాలైన కుటుంబం గురించే ఉంటుంది. అది రాయాల్సిందే. కానీ అసలు ఆ ఆట లోపల ఏం జరుగుతుందో ఎవరూ విడమరిచి చెప్పడం లేదు. జూనియర్ కాలేజీలో ముప్ఫై ఏళ్లు లెక్కలు చెప్పి రిటైరైనవాణ్ని కాబట్టి ఆ పని నేనే చేద్దామని ఈ ఉత్తరం.

సంక్రాంతికి వచ్చిన మా మేనల్లుడు ఒకేసారి పది హ్యాండ్లు, అంటే ఐదేసి ముక్కల ఆటలు పది, ఆడే పోకర్ యాప్ చూపించాడు. చేతిలో జత, మూడు ఒకే రకం లాంటి కలయిక పడితే దాన్నిబట్టి కాయిన్లు ఇస్తుంది. అన్నీ ఉత్తుత్తి కాయిన్లే, గెలిచినా రూపాయి చేతికి రాదు, అయిపోతే మాత్రం డబ్బు పెట్టి కొనుక్కోవాలి, వాడు అప్పటికే రెండుసార్లు కొన్నాడు. "పది హ్యాండ్లంటే పది ఛాన్సులు కదా మామయ్యా" అన్నాడు. పక్కన కూర్చుని రెండు గంటలు చూశాను.

ఇందులో ఎదుటి ఆటగాడు ఉండడు, మనకూ యాప్‌కీ మధ్యే ఆట. ముందు ఐదు ముక్కలు పడతాయి. ఉంచుకునేవి మనం ఎంచుకుంటే అవే ముక్కలు పది హ్యాండ్లలోకీ వెళ్తాయి. మిగతా ఖాళీలను ఒక్కో హ్యాండ్‌కీ విడిగా, మిగిలిన 47 ముక్కల్లోంచి యాప్ నింపుతుంది. అందుకే ఒకే ఇస్పేటు ఆసు మూడు హ్యాండ్లలో కనబడొచ్చు, అది మోసం కాదు. కానీ మొదటి ఐదు ముక్కలు మాత్రం అన్నిటికీ ఒకటే. అవి చెత్తగా పడ్డాయా, పదింటికీ మొదలే చెత్త.

వాడికి పడిన ముక్కలు ఇవి: రెండు తొమ్మిదులు, డైమన్ రాజు, ఒక నాలుగు, ఒక రెండు. తొమ్మిదుల జతతో పాటు రాజునూ ఉంచుకోబోయాడు, నేను ఆపాను. రాజును ఉంచుకుంటే కొత్తగా మూడు ముక్కల బదులు రెండే వస్తాయి, మూడో తొమ్మిది పడే అవకాశం తగ్గుతుంది. చాలామంది చేసే తప్పు ఇదే. జత మాత్రమే ఉంచుకున్నాడు. పదిలో రెండు హ్యాండ్లకు రెండేసి జతలు, ఒకదానికి మూడు తొమ్మిదులు వచ్చాయి. జాకీల కన్నా చిన్న జతకు ఏమీ ఇవ్వరు కాబట్టి మిగతా ఏడూ పోయాయి. హ్యాండ్‌కి ఐదు కాయిన్ల చొప్పున పందెం 50, వచ్చింది 10, 10, 15 కలిపి 35. స్క్రీన్ మీద మాత్రం బాణసంచా, "35 గెలిచారు" అని పెద్ద అక్షరాలు! పదిహేను కాయిన్లు పోగొట్టుకున్న పిల్లాడు చప్పట్లు కొట్టాడు. నాకు నిజంగా బాధేసింది.

ఇక ఆడేవాళ్లు ముందుగా చూడాల్సింది హ్యాండ్ల సంఖ్య కాదు, చెల్లింపుల పట్టిక. జాకీల జత నుంచి చెల్లించే రకంలో ఫుల్ హౌస్‌కి (మూడు ఒకే రకం, ఒక జత) కాయిన్‌కి 9, ఫ్లష్‌కి (ఐదూ ఒకే గుర్తు) 6 ఇస్తే, ఐదు కాయిన్లూ పెట్టి ఒక్క తప్పు లేకుండా ఆడినవాడికి దీర్ఘకాలంలో నూటికి 99.54 తిరిగొస్తుంది. అవే 8, 5 అయితే 97.3. చూడ్డానికి చిన్న తేడానే కానీ నష్టం దాదాపు ఆరు రెట్లు. రాయల్ ఫ్లష్ (ఒకే గుర్తులో పది, జాకీ, రాణి, రాజు, ఆసు) వస్తే మామూలుగా కాయిన్‌కి 250, ఐదు కాయిన్లు పెడితేనే మొత్తం 4000 ఇస్తారు. అది బాగా ఆడినా సగటున నలభై వేల హ్యాండ్లకు ఒకసారి వస్తుంది. హ్యాండ్లు పెంచితే ఈ శాతాలేవీ మారవు, గంటకు పోయే కాయిన్లు మాత్రం పెరుగుతాయి.

డబ్బు పందెం ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి, 2025లో కేంద్రమూ చట్టం చేసింది. సరే, మరి ఉత్తుత్తి కాయిన్లు కొనే పిల్లలకు ఈ లెక్క ఎవరు చెబుతారు? పందెం ఎంత, తిరిగొచ్చింది ఎంత అని రెండూ పక్కపక్కన చూపించాలని యాప్‌లను అడగాలి. అంతవరకు మీ ఆదివారం సంచికలో అరపేజీ ఇవ్వండి. పట్టిక, లెక్కలు నేను రాసి పంపిస్తాను, పైసా వద్దు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ లెక్చరర్, కాకినాడ