తమ్ముడి కాలి కేసు గురించి పెంచలయ్యకు ఉత్తరం

నెల్లూరు

ప్రియమైన పెంచలయ్యకు,

నిన్న ఫోనులో మాట్లాడుతున్నంతసేపూ ఉదయగిరిలో సిగ్నల్ వస్తూ పోతూ ఉండటంతో నేను చెప్పినదాంట్లో సగం నీకు చేరలేదని అర్థమైంది. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. దీన్ని నువ్వు చదివి పక్కన పెట్టకుండా, ప్రైవేటు బస్సు ఎక్కబోతూ పడి కాలు విరిగిన నీ తమ్ముడికీ, మరదలికీ కూడా వినిపించు. ఆ బస్సు నడిపే ట్రావెల్స్ వాళ్ల మనిషి రాజీ బేరానికి వచ్చినప్పుడు ఇంట్లో నువ్వే ఉంటావన్న నమ్మకం లేదు.

అన్నిటికంటే ముందు చెప్పవలసింది, అతను తెచ్చే ఏ కాగితం మీదా తమ్ముడి చేత సంతకం పెట్టించవద్దు. లక్షన్నర ఇస్తాం, కేసు లేకుండా చేసుకుందాం అని అతను అంటున్నది తమ్ముడి కష్టం చూసి జాలిపడి కాదు. హైదరాబాదు ఎల్బీనగర్‌లో తమ్ముడి ఒక కాలు బస్సు మెట్టు మీదా, రెండో కాలు రోడ్డు మీదా ఉండగానే డ్రైవరు బండి కదిలించాడని ఎఫ్‌ఐఆర్‌లో ఉంది కదా, వాళ్ల గొంతులో పడ్డ వెలక్కాయ అదే. డ్రైవరు తప్పేమీ లేదు, తానే కాలు జారి పడ్డాడు అని రాజీ కాగితంలో ఒక్క వాక్యం దూర్చగలిగితే చాలు, రేపు మన కేసులో ఇన్సూరెన్స్ కంపెనీ వకీలు మొట్టమొదట తీసి చదివేది ఆ వాక్యమే.

కేసు ఇప్పటికే నడుస్తోంది కదా, మళ్లీ వేరే కేసు ఎందుకని అడిగావు. నడుస్తున్నది డ్రైవరు మీద పోలీసులు పెట్టిన క్రిమినల్ కేసు. పాత ఐపీసీలో 279, 338 అనేవాటికి 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 281, 125 అని నంబర్లు మారాయి. అందులో డ్రైవరుకు జరిమానా పడినా జైలు పడినా, దాన్ని నమ్ముకుని తమ్ముడి ఇల్లు గడవదు. నష్టపరిహారానికి 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 166వ సెక్షన్ కింద మోటారు ప్రమాదాల క్లెయిముల ట్రిబ్యునల్‌లో మనమే విడిగా పిటిషన్ వేసుకోవాలి. కోర్టు ఆవరణలో దాన్ని అందరూ ఓపీ అంటారు. రేపు ఏ కారణం చేతనో క్రిమినల్ కేసు కొట్టేసినా ఓపీ దానితో పాటు పోదు. అక్కడ నేరం అనుమానానికి తావు లేకుండా రుజువు కావాలి, ఇక్కడ ఇద్దరు చెప్పే మాటల్లో ఏది ఎక్కువ నమ్మదగ్గదని మాత్రమే చూస్తారు.

ప్రమాదం హైదరాబాదులో జరిగింది కాబట్టి ఊతకర్రలతో ప్రతి వాయిదాకూ అంత దూరం ఎలా తిరగాలని నువ్వు బెంగ పెట్టుకున్నావు. ఆ బెంగ అక్కర్లేదు. ప్రమాదం జరిగిన చోటనే కాదు, గాయపడిన మనిషి నివాసం ఉన్న చోట కూడా వేసుకోవచ్చని ఆ సెక్షన్‌లోనే ఉంది. తమ్ముడి ఆధార్, రేషన్ కార్డు ఉదయగిరివే, ఇప్పుడు మంచం పట్టి ఉన్నదీ అక్కడే. కాబట్టి నెల్లూరు జిల్లా కోర్టులో నిక్షేపంగా వేయవచ్చు. జిల్లా జడ్జిగారో, అదనపు జిల్లా జడ్జిగారో ట్రిబ్యునల్ హోదాలో విచారిస్తారు.

గడువు విషయంలో మాత్రం మీ ఊరి పెద్దమనుషుల మాట వినవద్దు. కాలు పూర్తిగా నయమయ్యాక నిదానంగా వేసుకోవచ్చులే అని వాళ్లు అంటున్నది అబద్ధం కాదు, కాని పాతబడిపోయిన నిజం. 1994 సవరణ తర్వాత చాలాకాలం ఈ కేసులకు గడువే లేదు. 2019లో చేసిన సవరణ 2022 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చాక, ప్రమాదం జరిగిన నాటి నుంచి ఆరు నెలల లోపు పిటిషన్ పడాలని చట్టంలో ఉంది. పైగా వడ్డీ కూడా మామూలుగా పిటిషన్ వేసిన తేదీ నుంచే లెక్కకడతారు కాబట్టి ఆలస్యం చేసిన ప్రతి నెలా మనకే నష్టం.

ఇక డబ్బు లెక్క. నువ్వు లక్షన్నర గొప్ప మొత్తం అనుకుంటున్నావు కనుక దీన్ని కొంచెం విడమరచి రాస్తాను. తమ్ముడు టైల్స్ మేస్త్రీ. ఆ పని నిలబడి చేసేది కాదు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా గొంతుక్కూర్చుని, మోకాళ్ల మీద వెనక్కు జరుగుతూ, ఒక్కో పలకను రబ్బరు సుత్తితో తట్టి మట్టం చూసుకుంటూ చేసేది. మోకాలి కింద ఎముక విరిగి, ప్లేటు వేసి స్క్రూలు బిగించిన ఆ కాలు సగం కూడా మడత పడటం లేదని నువ్వే చెప్పావు. మెడికల్ బోర్డు వాళ్లు ఏ 15 శాతమో వైకల్యం అని సర్టిఫికెట్ ఇస్తారనుకో. ఆఫీసులో కుర్చీలో కూర్చుని పనిచేసే గుమాస్తాకు ఆ 15 శాతం వల్ల జీతంలో రూపాయి కూడా తగ్గకపోవచ్చు, మనవాడికి మాత్రం చేతిలో ఉన్న విద్యే పోయినట్టు. ఈ తేడాను సుప్రీంకోర్టు 2010లో రాజ్ కుమార్ కేసులో స్పష్టంగా చెప్పింది. ఎడమ చెయ్యి తీసేస్తే డ్రైవరుకో వడ్రంగికో సంపాదన దాదాపు పూర్తిగా పోతుందనీ, ప్రభుత్వాఫీసు గుమాస్తా ఉద్యోగం మాత్రం నిలబడవచ్చనీ, అందుకని శరీరానికి ఎంత శాతం వైకల్యం అని కాకుండా సంపాదించే శక్తి ఎంత తగ్గిందని లెక్కించాలనీ ఆ తీర్పు సారాంశం.

అంకెలలో చూడు. తమ్ముడికి 34 ఏళ్లు, నెలకు ఇరవై వేలు అనుకుందాం. ఏడాదికి 2,40,000. నలభై ఏళ్ల లోపు స్వయంగా పని చేసుకునే వాళ్లకు రాబోయే రోజుల్లో పెరిగే సంపాదన కింద 40 శాతం కలపాలని 2017లో ప్రణయ్ సేథీ తీర్పు చెప్పింది, ఆ సూత్రం గాయపడి శాశ్వత వైకల్యం వచ్చినవాళ్లకూ వర్తిస్తుంది. దానితో 3,36,000 అవుతుంది. 31 నుంచి 35 ఏళ్ల వాళ్లకు దీన్ని 16తో హెచ్చవేస్తారు. ఆ పట్టిక 2009 నాటి సరళా వర్మ తీర్పులోది, అది కూడా ఢిల్లీలోని ఒక రవాణా సంస్థ బస్సు కేసే. ఇప్పుడు సర్టిఫికెట్‌లోని 15 శాతమే పట్టుకుంటే వచ్చేది 8,06,400. సంపాదన నిజంగా తగ్గినది 40 శాతమని ట్రిబ్యునల్‌ను ఒప్పించగలిగితే 21,50,400. ఆస్పత్రి బిల్లులు, మంచంలో ఉన్న నెలల కూలి, రేపు ఆ ప్లేటు తీయించడానికయ్యే ఆపరేషను ఖర్చు, పక్కన ఉండి చూసుకున్న మరదలి శ్రమ, బాధకు ఇచ్చే పరిహారం ఇవన్నీ దీని పైన వచ్చేవి. ఇంత ఖచ్చితంగా వస్తుందని నేను హామీ ఇవ్వడం లేదు, తగ్గించడానికే అవతలి వకీలు ఉంటాడు. అయినా లక్షన్నరకు బేరం ఆడుతున్నవాడికి ఈ లెక్క తెలియదని మాత్రం అనుకోకు.

ఈ లెక్క నిలబడాలంటే రెండు విషయాలు గట్టిగా ఉండాలి. ఒకటి ఆదాయం. కూలి మనిషికి జీతం చీటీ ఎక్కడిది? తమ్ముడి ఫోన్‌పేలో కాంట్రాక్టరు వారం వారం వేసిన డబ్బు వివరాలు, బ్యాంకు స్టేట్‌మెంటు, భవన నిర్మాణ కార్మికుల కార్డు ఉంటే అది, ఆ కాంట్రాక్టరు వచ్చి బోనెక్కి చెప్పే సాక్ష్యం, ఇవే మనకు ఆధారం. ఏదీ లేకపోతే కనీస వేతనాల దరిదాపుల్లో ఒక అంకె వేసుకుని సరిపెడతారు. రెండోది డాక్టరు. ఎక్కడో కాలు చూపించి తెచ్చిన రెడీమేడ్ సర్టిఫికెట్లను నమ్మే ముందు జాగ్రత్తగా చూడాలని పైన చెప్పిన రాజ్ కుమార్ తీర్పే హెచ్చరించింది. అందుకని ఆపరేషను చేసిన డాక్టరు గారి సాక్ష్యానికి విలువ ఎక్కువ. ఆయన హైదరాబాదు నుంచి రాలేకపోతే కోర్టు అడ్వొకేటు కమిషనరును నియమించి అక్కడే వాంగ్మూలం తీసుకునే పద్ధతి ఉంది. ఈ సంగతి ఆయనతో ఇప్పుడే మర్యాదగా ఒక మాట అనుకోండి.

అవతలివాళ్లు వేయబోయే ఎత్తు ఏమిటో నాకు ఇప్పుడే తెలుసు. కదులుతున్న బస్సు ఎక్కబోయి పడ్డాడు, తప్పులో సగం అతనిదే అంటారు. ట్రిబ్యునల్ దాన్ని నమ్మితే ఆ మేరకు పరిహారంలో కోత పడుతుంది. అందుకే ఆ చౌరస్తాలో ఎదురుగా ఉన్న దుకాణాల సీసీ కెమెరాల రికార్డు పోలీసులు తీసుకున్నారో లేదో కనుక్కోమని మొదటి నుంచీ మొత్తుకుంటున్నాను. పాతవాటి మీద కొత్తవి ఎక్కి చెరిగిపోతాయి. బుకింగ్ చేసినప్పుడు ఫోనుకు వచ్చిన మెసేజీ, బస్సు నంబరు, ఎక్కే చోటు, సమయం ఉన్నది, దాన్ని చెరపకుండా ఉంచమను. ఆ రోజు అదే చోట ఎక్కిన మన కొండాపురం కుర్రాడు ఒకడు ఉన్నాడన్నావు, అతని మాట లక్ష కాగితాల పెట్టు.

అదే ఆర్టీసీ బస్సు అయివుంటే కథ కొంచెం వేరుగా ఉండేది. ప్రభుత్వ రవాణా సంస్థలకు ఇన్సూరెన్స్ నుంచి మినహాయింపు పొంది సొంత నిధి నుంచి చెల్లించే వీలు చట్టంలోనే ఉంది, అప్పుడు సంస్థే మన ప్రతివాది. డబ్బు కట్టకపోతే కోర్టు అమీనా బస్టాండుకు వెళ్లి బస్సును జప్తు చేసిన వార్తలు నువ్వూ చదివే ఉంటావు. మనది ప్రైవేటు బస్సు కాబట్టి యజమానినీ, ఇన్సూరెన్స్ కంపెనీనీ ఇద్దరినీ చేర్చాలి. పర్మిటు సరిగా లేదని, డ్రైవరు లైసెన్సు చెల్లదని కంపెనీ తప్పించుకోజూడటం మామూలే. అలాంటి చాలా కేసుల్లో ముందు బాధితుడికి మీరు కట్టండి, తర్వాత యజమాని దగ్గర రాబట్టుకోండి అని కోర్టులు చెప్పాయి.

ఇంకొక దారి 164వ సెక్షన్. ఎవరి తప్పో రుజువు చేయనక్కర్లేకుండా తీవ్ర గాయానికి రెండున్నర లక్షలు, ప్రాణం పోతే ఐదు లక్షలు. ఎముక విరగడం తీవ్ర గాయమే. కాని కంపెనీ ముందుకొచ్చి ఇచ్చే ఆ మొత్తాన్ని ఒప్పుకుని తీసుకున్నామంటే 166 కింద వేసిన పిటిషన్ అక్కడితో ముగిసిపోతుంది. సాక్షి గాని, ఎఫ్‌ఐఆర్ గాని సరిగా లేనివాళ్లకు అది మేలు, మనకు కాదు. రోడ్డు ప్రమాద బాధితులకు మొదటి ఏడు రోజుల్లో లక్షన్నర దాకా నగదు కట్టకుండా వైద్యం చేసే కేంద్ర పథకం 2025 మే నుంచి ఉంది. చేర్చుకున్న ఆస్పత్రిలో ఎవరూ ఆ మాట ఎత్తకుండా మరదలి గొలుసు తాకట్టు పెట్టించారని విన్నప్పుడు నాకు ఒళ్లు మండింది. పోనీలే, ఆ బిల్లులన్నీ అసలువి దాచి ఉంచండి, ఓపీలో అడుగుదాం.

వకీలు విషయం. వార్డులోకి వచ్చి తెల్లకాగితాల మీద సంతకాలు తీసుకుపోయే బ్రోకర్లను గడప తొక్కనివ్వకు. వచ్చే పరిహారంలో ఇంత శాతం అని ఫీజు మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ నిబంధనలకే విరుద్ధం, జరగడం లేదని నేను అననులే. ఇన్నేళ్లు మా వకీలు గారి దగ్గర గుమాస్తాగా ఉన్నాను కాబట్టి ఫీజు సంగతి నేను మాట్లాడతాను. అదీ వద్దనుకుంటే కోర్టు ఆవరణలోనే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది, అర్హత ఉన్నవాళ్లకు ఉచితంగా వకీలును ఇస్తారు, 15100కు ఫోను చేసినా వివరాలు చెబుతారు. నడుమ లోక్ అదాలత్‌లో రాజీ ప్రస్తావన వస్తే అప్పుడు ఆలోచిద్దాం. జడ్జిగారి ఎదుట జరిగే ఆ రాజీ వేరు, మీ వసారాలో జరిగే ఈ రాజీ వేరు. కాని అక్కడ ఒప్పుకున్నాక అప్పీలు ఉండదు, అందుకని మొత్తం సరిపోతేనే తల ఊపాలి. ట్రిబ్యునల్ తీర్పు మీద అయితే 90 రోజుల్లో హైకోర్టుకు వెళ్లవచ్చు.

సోమవారం పొద్దున బస్సుకు నువ్వొక్కడివే రా, తమ్ముణ్ణి ఇప్పుడే కదిలించవద్దు. వకాలత్ మీద అతని సంతకానికి మా కుర్రాడు కాగితాలు తీసుకుని ఉదయగిరి వస్తాడు. ఎఫ్‌ఐఆర్ నకలు, డిశ్చార్జి సమ్మరీ, ఎక్స్‌రే ఫిల్ములు, బిల్లులు, ఆధార్, బ్యాంకు పుస్తకం తీసుకురా. గాయాల సర్టిఫికెట్, బస్సును తనిఖీ చేసిన మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు నివేదిక, ఛార్జిషీటు వచ్చివుంటే అది, వీటి నకళ్ల కోసం అక్కడి స్టేషనుకు అర్జీ నేను రాయించి ఉంచుతాను. ఎక్స్‌రేలు మాత్రం మడత పెట్టకు.

నీ స్నేహితుడు