రోడ్డు మూయాలంటే ముందు సభలో చర్చ జరగాలి

సంపాదకులు గారికి,

కార్ల పోటీలను మళ్లీ మన నగరాల వీధుల్లోకి, ఘాట్ రోడ్ల మీదికి తేవాలన్న మాట అప్పుడప్పుడూ వినిపిస్తూనే ఉంది. ఎవరైనా అభ్యంతరం చెబితే వెంటనే వచ్చే జవాబు ఒకటే: విదేశాల్లో ఏటా పబ్లిక్ రోడ్లు మూసి ర్యాలీలు జరపడం లేదా? జరుపుతున్నారు, నిజమే. ఏ అధికారంతో మూస్తున్నారో, ప్రమాదం జరిగితే ఏం చేశారో మాత్రం ఆ జవాబు చెప్పేవాళ్లు చెప్పరు. అందుకే స్కాట్లాండ్‌లోని జిమ్ క్లార్క్ ర్యాలీ కథ నాలుగు ముక్కల్లో రాస్తున్నాను.

ఇంగ్లండ్ సరిహద్దుకు దగ్గర్లో డన్స్ అనే చిన్న పట్టణం ఉంది. ఆ పక్కనే చర్న్‌సైడ్ దగ్గర జిమ్ క్లార్క్ కుటుంబానికి పొలం, గొర్రెల మందలు ఉండేవి. 1963లో, 1965లో ఫార్ములా వన్ ప్రపంచ చాంపియన్ అయిన క్లార్క్ 1968 ఏప్రిల్ 7న జర్మనీలో హాకెన్‌హైమ్ ట్రాక్ మీద కన్నుమూశాడు. చర్న్‌సైడ్‌లో ఆయన సమాధి రాయి మీద ముందు ‘రైతు’ అని ఉంటుంది, చాంపియన్ అన్నది ఆ తర్వాతే. రెండేళ్లకు, 1970లో, అక్కడి మోటార్ క్లబ్ వాళ్లు ఆయన పేరుతో ర్యాలీ మొదలుపెట్టారు.

అప్పట్లో రోడ్డు మూయడం ఆ క్లబ్ చేతిలో లేదు, ప్రభుత్వం చేతిలోనూ లేదు. బ్రిటన్‌లో పబ్లిక్ రోడ్డు మీద రేసు నేరం. అందుకే అక్కడి ర్యాలీలు చాలావరకు అడవి బాటల్లో, సైన్యం భూముల్లో జరిగేవి. ఈ పట్టుదల ఇప్పటిది కాదు. 1903లో గోర్డన్ బెన్నెట్ కప్ రేసును ఐర్లాండ్‌లో జరపడానికి పార్లమెంటు ప్రత్యేకంగా ఒక చట్టం చేయాల్సి వచ్చింది. మరుసటి ఏడాది ఆ కప్‌కి బ్రిటిష్ జట్టును ఎంపిక చేసే పోటీలు ఐల్ ఆఫ్ మ్యాన్ దీవికి వెళ్లాయి. ఆ దీవికి సొంత చట్టసభ ఉంది, అది రోడ్లు మూసేందుకు చట్టం చేసింది. ఈనాటికీ లోకమంతా చెప్పుకునే టీటీ బైక్ రేసులకు పునాది అదే.

స్కాట్లాండ్‌లో మల్ దీవి ర్యాలీకి 1990లో అలాంటి ప్రత్యేక చట్టం వచ్చింది. జిమ్ క్లార్క్ ర్యాలీకి 1996లో వచ్చింది. ఒక జిల్లాలో ఏడాదికి రెండు మూడు రోజులు జరిగే పోటీ కోసం పార్లమెంటు చట్టం! మనవాళ్లకు ఇది చాదస్తంగా కనిపించవచ్చు. కానీ రోడ్డు మీద నడిచే హక్కు ప్రజలది అనుకున్నప్పుడు, దాన్ని ఒక్క పూటైనా తీసుకోవాలంటే ప్రజా ప్రతినిధులనే అడగాలి కదా.

ర్యాలీ అంటే సర్క్యూట్ రేసులా కార్లన్నీ ఒకేసారి బయల్దేరవు. మూసిన రోడ్డు ముక్కను స్పెషల్ స్టేజ్ అంటారు. అందులోకి ఒక్కో కారును అర నిమిషమో నిమిషమో తేడాతో వదులుతారు. పక్క సీట్లోని కో-డ్రైవర్ పేస్ నోట్స్ చదువుతూ ముందు వచ్చే మలుపు ఎంత పదునుగా ఉంటుందో చెబుతుంటాడు. స్టేజ్ దాటాక మాత్రం అదే కారు మామూలు వాహనంలా స్పీడ్ లిమిట్ పాటిస్తూ తర్వాతి స్టేజ్‌కి పోవాలి. చూడ్డానికి అద్భుతంగా ఉంటుంది. చిక్కంతా ప్రేక్షకులతోనే. స్టేడియంలో అయితే గోడ, కంచె ఉంటాయి. ఇక్కడ కిలోమీటర్ల పొడవునా పొలం గట్ల మీద, కల్వర్టుల పక్కన జనం నిలబడతారు. వాళ్లను ఎక్కడ ఉండనివ్వాలో, ఎక్కడ ఉండనివ్వకూడదో చూసేది స్వచ్ఛందంగా వచ్చిన మార్షళ్లు.

2014 మే 31న అక్కడే దెబ్బతిన్నారు. ఒక స్టేజ్‌లో కారు అదుపు తప్పి జనం మీదికి దూసుకెళ్లి ముగ్గురు ప్రేక్షకులు చనిపోయారు. అదే రోజు అంతకుముందు మరో స్టేజ్‌లో కూడా ప్రమాదం జరిగి కొందరు గాయపడ్డారు. అంతకు ఏడాది ముందు ఇన్వర్నెస్ దగ్గర స్నోమ్యాన్ ర్యాలీలో ఒక మహిళ మరణించింది. స్కాట్లాండ్ ప్రభుత్వం మోటార్ పోటీల భద్రత మీద సమీక్ష వేసింది. ఈ రెండు ర్యాలీల్లో జరిగిన మరణాల మీద కలిపి బహిరంగ న్యాయ విచారణ జరిగి, 2017లో నివేదిక వచ్చింది. మళ్లీ ఆ రోడ్లు మూసి ర్యాలీ నడిపింది 2019 నవంబరులో. అదే ఏడాది రోడ్ల మీద మోటార్ పోటీలకు స్కాట్లాండ్‌లో కొత్త నిబంధనలు అమల్లోకి వచ్చాయి. ఇంత చేసినా ముప్పు పూర్తిగా పోలేదు. 2025 మేలో ఇదే ర్యాలీలో ఒక కో-డ్రైవర్ చనిపోతే మిగతా పోటీ ఆపేశారు. అయినా ప్రతిసారీ ఎవరు అనుమతి ఇచ్చారు, ఎవరు జవాబుదారీ అన్నది అక్కడ కాగితం మీద ఉంటుంది.

మన దగ్గర? మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ చూడండి. బహిరంగ స్థలంలో వేగ పోటీ నేరమే, కానీ రాష్ట్ర ప్రభుత్వం రాతపూర్వకంగా ఒప్పుకుంటే చాలు, నేరం కాదు. 115వ సెక్షన్ కింద నెల రోజులకు మించకుండా వాహనాలను ఆపాలంటే గెజిట్‌లో వేయాల్సిన పని కూడా లేదు, స్థానికంగా ప్రచారం చేస్తే సరిపోతుంది. అంటే స్కాట్లాండ్‌లో పార్లమెంటు దాకా వెళ్లిన విషయం మన దగ్గర ఒక సంతకంతో అయిపోతుంది.

హైదరాబాద్‌లో అది చూశాం. 2022 నవంబరులో ఇండియన్ రేసింగ్ లీగ్ కోసం హుస్సేన్ సాగర్ చుట్టూ రోడ్లు మూస్తే నగరం నడిమధ్యన జనం గంటల తరబడి ఇరుక్కుపోయారు, తీరా అసలు రేసులు రద్దయ్యాయి. 2023 ఫిబ్రవరి 11న ‘ఫార్ములా-ఈ’ అనే విద్యుత్ కార్ల రేసు మాత్రం జరిగింది, జీన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. 2024 పోటీ రద్దయింది, చెల్లింపుల వ్యవహారం కేసులదాకా పోయింది. ఆ కేసు సంగతి కోర్టులు చూసుకుంటాయి, నేను అందులోకి పోను. చెన్నైలో 2024 ఆగస్టు చివర జరిగిన ఫార్ములా 4 వీధి రేసు కూడా మద్రాసు హైకోర్టు మెట్లెక్కాకే జరిగింది. సభలో తేలాల్సినవి కోర్టులో తేలుతున్నాయి.

నేను రేసులంటే పడని మనిషిని కాను. షోలవరం పాత ఎయిర్‌స్ట్రిప్ మీద రేసులు జరిగే రోజుల్లో నెల్లూరు నుంచి మద్రాసు రైలెక్కి వెళ్లినవాళ్లలో నేనూ ఒకణ్ణి. ఆ ఇంజన్ల మోత ఇప్పుడు తలుచుకున్నా హుషారే. కాకపోతే షోలవరం రేసులకు ఎవరి ఇంటి దారీ మూయలేదు.

కాబట్టి రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ దీనికంటూ విడిగా ఒక చట్టం రావాలి. ఏ రోడ్డు ఎన్ని గంటలు మూస్తారో నెలల ముందే చెప్పాలి, ఆ దారిలో ఉండేవాళ్ల అభ్యంతరాలు బహిరంగంగా వినాలి. అంబులెన్స్‌కి, పరీక్షలకు వెళ్లే పిల్లలకు దారి ఎలా ఇస్తారో అనుమతి పత్రంలోనే రాయాలి. ప్రేక్షకులు నిలబడకూడని చోట్లను ముందే గుర్తించి, అక్కడ మనుషులు కనిపిస్తే స్టేజ్ ఆపే అధికారం నిర్వాహకుడికి కాకుండా వేరే అధికారికి ఇవ్వాలి. ఎవరైనా చనిపోతే విచారణ నివేదికను సభ ముందు పెట్టాలి. ప్రజల సొమ్ము ఎంత ఖర్చు పెడుతున్నారో పోటీకి ముందే చెప్పాలి, తర్వాత కాదు.

ఇవేవీ లేకుండా ఏ సంస్థకూ తేదీలు ఖరారు చేయవద్దని మీ పత్రిక ద్వారా రెండు రాష్ట్రాల రవాణా మంత్రులను కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు, సికింద్రాబాద్