ఓఆర్ఎం వద్దులే, జేడీబీసీ చాలు

ఒరేయ్ సూరీ,

ఎలా ఉన్నావ్ రా? చిన్న జావా సర్వీసుకి హైబర్నేట్ (జావా ఆబ్జెక్టుల్ని టేబుల్స్‌కి ముడిపెట్టి ఎస్‌క్యూఎల్ తనే రాసిపెట్టే ఓఆర్ఎం) పెట్టాలా వద్దా అని అడిగావ్ కదా, నన్నడిగితే వద్దు. ఉన్నవి నాలుగు టేబుల్స్, రాసేది మహా అయితే ఓ ఇరవై క్వెరీలు, దానికి ఎంటిటీలు, సెషన్లు, లేజీ లోడింగు అంటూ హైబర్నేట్ హంగులన్నీ నేర్చుకుంటూ కూర్చోవడం ఎందుకు? 1997లో జేడీకే 1.1తో వచ్చిన, జావా నుంచి డేటాబేస్‌తో మాట్లాడే జేడీబీసీయే హైబర్నేట్ కింద కూడా నడిచేది, నేరుగా దాంతోనే రాసెయ్. ఒకదానికొకటి ముడిపడ్డ క్లాసులు బోలెడుండే పెద్ద డొమైన్ మోడల్ ఉంటే అప్పుడు వేరే మాట.

కానీ ఒకటి మాత్రం పట్టుకో, ఎస్‌క్యూఎల్ రాయడం కష్టం కాదురా, కనెక్షన్ ఎవరు తీసుకుంటున్నారు, ఎవరు వదులుతున్నారు అన్నదే అసలు పని. రిక్వెస్ట్ వచ్చినప్పుడల్లా డ్రైవర్‌మేనేజర్‌తో కొత్తది తెరవకు, పోస్ట్‌గ్రెస్ అయితే ఒక్కో కనెక్షన్‌కి ఒక్కో ప్రాసెస్ పుట్టిస్తుంది, లాగిన్ ఖర్చు అదనం. హికారీసీపీ పెట్టుకో, కనెక్షన్లు తెరిచి పూల్‌లో ఉంచి అడిగినప్పుడల్లా అరువిచ్చే లైబ్రరీ అది. డిఫాల్ట్ పూల్ సైజు 10, చాలామంది వెంటనే 100 చేసేస్తారు, పోస్ట్‌గ్రెస్ మ్యాక్స్ కనెక్షన్స్ డిఫాల్టే 100 అని చూసుకోరు, సర్వీసు రెండో కాపీ లేపగానే కొత్త కనెక్షన్లు ఇవ్వనంటుంది.

పూల్ నుంచి తీసుకున్న కనెక్షన్ మీద క్లోజ్ పిలిస్తే అది నిజంగా మూసుకోదు, పూల్‌కి తిరిగెళ్తుంది, అందుకే క్లోజ్ మర్చిపోతే అంత ప్రమాదం. ఏదో ఎర్రర్ పాత్‌లో ఒక్కొక్కటే పోతూ పదీ అయిపోయాక తర్వాతి రిక్వెస్ట్ 30 సెకన్లు వేలాడి ఎక్సెప్షన్‌తో పడిపోతుంది, డేటాబేస్ వైపు చూస్తే ఏ లోడూ ఉండదు, ప్రశాంతంగా ఉంటుంది! అందుకని కనెక్షన్, స్టేట్‌మెంట్, రిజల్ట్‌సెట్ మూడూ, బ్లాక్ దాటగానే వాటంతటవే క్లోజ్ అయ్యే ట్రై విత్ రిసోర్సెస్‌లోనే పెట్టు, జావా 7 నుంచి ఉందది. హికారీలో లీక్ డిటెక్షన్ థ్రెషోల్డ్ కూడా ఆన్ చెయ్, ఎక్కడ తీసుకుని వదల్లేదో స్టాక్ ట్రేస్‌తో సహా లాగ్‌లో చూపిస్తుంది.

విలువల చోట ప్రశ్నార్థకం (?) పెట్టి తర్వాత నింపే ప్రిపేర్డ్‌స్టేట్‌మెంట్ గురించి నీకు చెప్పక్కర్లేదు, కాకపోతే ఆర్డర్ బై కాలమ్ పేరుకి ప్రశ్నార్థకం పనిచెయ్యదు, యూజర్ పంపింది నేరుగా అతికించకుండా నీ దగ్గరున్న లిస్టులో ఉంటేనే వాడు. ఇంకా, కాలమ్‌లో నల్ (అంటే ఏ విలువా లేకపోవడం) ఉంటే అంకె చదివే గెట్‌ఇంట్ 0 ఇస్తుంది, డిస్కౌంట్ లేకపోవడం, డిస్కౌంట్ సున్నా అవడం రెండూ ఒకటి కాదు కదా, చదివింది నల్లా కాదా అని వెంటనే వజ్‌నల్ మెథడ్‌ని అడుగు.

అన్నిటికంటే జాగ్రత్త పడాల్సింది ట్రాన్సాక్షన్ దగ్గర, అంటే జరిగితే అన్నీ జరగాలి, లేదంటే ఏదీ జరగకూడదు అనుకునే పనుల దగ్గర. ఆర్డర్ సేవ్ చేసే మెథడ్ పూల్ నుంచి ఒక కనెక్షన్, స్టాక్ తగ్గించే మెథడ్ ఇంకోటి తీసుకుంటే అవి రెండు వేరే ట్రాన్సాక్షన్లు, రెండోది ఫెయిలైనా మొదటిది అప్పటికే కమిట్ అయిపోయి ఉంటుంది. సర్వీస్ లేయర్‌లోనే ఒక కనెక్షన్ తీసుకుని, ఆటోకమిట్ ఫాల్స్ చేసి, రెండు మెథడ్స్‌కీ దాన్నే పారామీటర్‌గా పంపు, చివర్లో కమిట్ చేసి ఖాయం చెయ్, ఎక్సెప్షన్ వస్తే రోల్‌బ్యాక్ చేసి అంతా వెనక్కి తీసుకో. ఇది చేత్తో రాయడం విసుగనిపిస్తే స్ప్రింగ్ ఫ్రేమ్‌వర్క్‌లో జేడీబీసీటెంప్లేట్, దానికి తోడు ట్రాన్సాక్షన్ మేనేజర్ ఉన్నాయి, ఆ టెంప్లేట్ కూడా ఓఆర్ఎం కాదు, ఎస్‌క్యూఎల్ నీదే ఉంటుంది.

ఆ ఆర్డర్ మెథడ్ రాశాక నాకు పంపరా, రోల్‌బ్యాక్ ఎక్కడ పెట్టావో చూస్తా.

నీ
కిట్టు