మా బండి లోపలి లైట్లు మార్చడానికి సాయం చేసిన అందరికీ థ్యాంక్స్

పేర్లు రాయొద్దని దాదాపు అందరూ గట్టిగా చెప్పారు కాబట్టి ఎవరి పేరూ రాయడం లేదు. మిస్త్రీ అయితే "పేరు పెడితే నాకు పొద్దస్తమానం ఫోన్లు వస్తాయమ్మా, ఉన్న పనే తెమలట్లేదు" అన్నాడు. చదివితే ఎవరి సంగతి వాళ్లకు తెలిసిపోతుంది, అది చాలు.

తెలియని వాళ్ల కోసం చెప్తున్నా. మా దగ్గర టెంపో ట్రావెలర్ మీద కట్టిన ఒక మోటార్‌హోమ్ ఉంది. బెంగళూరులో ఎవరో ముచ్చటపడి చేయించుకున్న బండి, మేము సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాం. మంచం, స్టవ్వు, సింకు, అన్నీ బాగున్నాయి. లైట్లే దరిద్రంగా ఉన్నాయి. ఆ కట్టించుకున్నాయన లైట్లన్నీ విదేశాల నుంచి తెప్పించాడట. సీలింగుకు రెండేసి బల్బుల డోమ్ లైట్లు నాలుగు, స్టవ్వు మీద చిన్న ట్యూబ్‌లైట్, తలగడ దగ్గర చదువుకోవడానికి రెండు బుల్లి లైట్లు. సగం వెలగవు, వెలిగేవి కొంపకు నిప్పంటుకున్నట్టు వేడెక్కుతాయి, మూతలు పసుప్పచ్చగా మారి పెళుసెక్కి ముట్టుకుంటే విరిగిపోయేలా ఉన్నాయి, స్క్రూలు తుప్పు పట్టి కదలవు. మేము మొదట తీసుకెళ్లిన చోట (ఏ షాపో చెప్పను) సీలింగు మొత్తం కోసి కొత్తది వేయాలి, ఈ బల్బులు ఇండియాలోనే దొరకవు అన్నారు. చెప్పిన రేటు విని మా ఆయన మాట్లాడకుండా బండి వెనక్కి తిప్పాడు.

ఆ తర్వాత మా అత్తమ్మ వాళ్ల ఊరాయన ఒకరు చెప్తే ఈ మిస్త్రీ దగ్గరికి వెళ్లాం. అనంతపురంలో లారీలకు, బస్సులకు వైరింగ్ చేసే పెద్దాయన. బండి ఎక్కి, కూర్చుని, ఒక బల్బు మాత్రం బయటికి తీసి, కళ్లజోడు పైకి జరిపి చూసి నవ్వాడు. "ఏం ఫారిన్ బల్బమ్మా ఇది? ఇండికేటర్ బల్బే కదా. ఏ అంగట్లో అడిగినా ఇస్తారు." నిజమే. బండ్ల ముందూ వెనకా ఇండికేటర్‌కు వాడే 21 వాట్ల సింగిల్ కాంటాక్ట్ బల్బు అది, అమెరికా వాళ్లు దాదాపు ఇలాంటిదాన్నే 1156 అంటారంతే. అడుగున ఒకే చుక్క ఉంటే సింగిల్ కాంటాక్ట్, రెండు చుక్కలుంటే డబుల్ కాంటాక్ట్, పక్కనున్న పిన్నులు రెండూ ఒకే ఎత్తులో ఉన్నాయా లేదా చూసుకోవాలి. బ్రేక్ లైటుకు వాడే డబుల్ కాంటాక్ట్ బల్బులో పిన్నులు ఎగుడుదిగుడుగా ఉంటాయి, అది ఈ హోల్డర్‌లో కూర్చోదు. ఇంత చిన్న విషయం కోసం సీలింగు కోసేవాళ్లు!

ఇక మిస్త్రీ చేయి పడ్డాక నేర్చుకున్నవి రాస్తున్నా, ఇలాంటి పాత బండ్లు ఉన్నవాళ్లకు పనికొస్తుందని.

అన్నిటికంటే ముందు కరెంటు తీసేయించాడు. ఫ్యూజు పీకడం, లోపలి బ్యాటరీ నెగటివ్ తీయడం మాకూ తెలుసు. కానీ మా పక్కింటి అబ్బాయి, జేఎన్‌టీయూలో ఎలక్ట్రికల్ చదువుతున్నాడు, మల్టీమీటర్ పట్టుకొచ్చి "ఆంటీ, పైన సోలార్ ప్యానెల్ ఉంది కదా, దాన్నీ తీయాలి" అన్నాడు. మన అనంతపురం ఎండ సంగతి తెలిసిందే, బ్యాటరీ లేకపోయినా ప్యానెల్ నుంచి కంట్రోలర్ (ప్యానెల్ కరెంటును బ్యాటరీకి తగ్గట్టు సర్దే డబ్బా) గుండా లైను మీదికి వోల్టేజి రావచ్చు. ప్యానెల్ వైరు కూడా విప్పించి, ప్రతి హోల్డర్ దగ్గర మీటర్ పెట్టి సున్నా చూపించాకే చేయి పెట్టనిచ్చాడు. ఇంతా చేసి వాడికి ఇరవై ఏళ్లు కూడా లేవు. 12 వోల్టులు మనిషికి షాక్ కొట్టవు గానీ రెండు వైర్లు తగిలితే బ్యాటరీ నుంచి వచ్చే కరెంటుకు వైరే కాలిపోతుంది, చెక్క సీలింగులో అది చిన్న విషయం కాదు.

మూతలు తీయడం మా వదిన పని. మాది పెళుసు ప్లాస్టిక్, ఎన్నో వేసవులు చూసింది, స్క్రూడ్రైవర్ పెట్టి లేపితే అంచు విరిగిపోతుంది. ఆమె హెయిర్ డ్రయ్యర్ తెచ్చి, మరీ దగ్గరగా కాకుండా, మూత చుట్టూ వెచ్చగా తగిలేలా తిప్పి, మెత్తబడ్డాక రెండు పక్కలా లోపలికి నొక్కితే కొక్కేలు వదిలేశాయి. నాలుగింటిలో మూడు మూతలు ముక్కలు కాకుండా వచ్చాయి, నాలుగోది ముందే పగిలి ఉంది. ఒక లైటును పాత ఓనరు సిలికాన్‌తో సీలింగుకు అంటించేశాడు, దానికి మూత తీసినా లాభం లేదు, మొత్తం దిగాలి. దానికి బుక్కరాయసముద్రం మామ గుర్తొచ్చాడు. చెరువులో చేపలు పట్టే మనిషి, ఇంట్లో తంగూసు ఎప్పుడూ ఉంటుంది. ఆ తంగూసు దారం రెండు చివర్లు చెరో చెక్కముక్కకు చుట్టి, లైటుకు సీలింగుకు మధ్య దూర్చి, రంపంలా అటూ ఇటూ లాగితే సిలికాన్ కోసుకుంటూ పోయింది. సీలింగు మీద గీత కూడా పడలేదు. మామా, నువ్వు ఇది ఫోన్‌లో చదివించుకుంటావని తెలుసు, నీకు ప్రత్యేకంగా దండం.

తుప్పు స్క్రూలు మాత్రం చుక్కలు చూపించాయి. తల అరిగిపోయిన స్క్రూకు సైకిల్ ట్యూబు ముక్క ఒకటి పెట్టి, దాని మీద స్క్రూడ్రైవర్ గట్టిగా నొక్కి తిప్పాలన్నాడు మిస్త్రీ, రబ్బరు ఆ అరిగిన గాడిలోకి దిగి పట్టు ఇస్తుందట. కొన్ని అలాగే వచ్చాయి. రానివాటికి హ్యాక్సా బ్లేడుతో తల మీద కొత్త గాడి కోసి తీశాడు. తుప్పు వదిలించే స్ప్రే తెచ్చాం గానీ దాన్ని నేరుగా కొట్టనివ్వలేదు, కొన్ని ప్లాస్టిక్‌లు దానికి పగుళ్లిస్తాయట. ఇయర్ బడ్‌తో స్క్రూ తల మీద ఒక్క చుక్క పెట్టించి, టీ తాగొచ్చేదాకా వదిలేశాడు. స్క్రూలు వచ్చాక ప్లైవుడ్‌లో బొక్కలు వదులైపోయి కొత్తవి పట్టలేదు. వాటికి అగ్గిపుల్లలు, ఫెవికాల్. ఇది మా నాన్న ఇంట్లో తలుపు బందులకు చేసేవాడు, నాకు కొత్త కాదు.

ఒక బల్బు గాజు పగిలి, అడుగు ఇత్తడి ముక్క హోల్డర్‌లోనే ఉండిపోయింది. ఎవరో ఆలుగడ్డ గుచ్చి తిప్పమన్నారు. మిస్త్రీ ఒప్పుకోలేదు, ఆలుగడ్డ తడి కాంటాక్ట్‌లోకి పోతే మళ్లీ తుప్పేనట. నోస్ ప్లయర్ మూసి లోపలికి పెట్టి, అక్కడ తెరిచి, బయటివైపు ఒత్తిపట్టి, లోపలికి నొక్కుతూ ఎడమకు తిప్పాడు. వచ్చేసింది. తర్వాత ఆ హోల్డర్ లోపల సన్న ఎమెరీ కాగితంతో రుద్దించాడు.

ఇప్పుడు కొత్త బల్బుల సంగతి. పక్కింటి అబ్బాయి లెక్క వేసి చూపించాడు: 21 వాట్ల బల్బు ఒకటి 1.75 ఆంపియర్లు తాగుతుంది, ఎనిమిది వెలిగిస్తే 14. మా బ్యాటరీ 100 ఏహెచ్ (ఆంపియర్ అవర్, అంటే ఎన్ని ఆంపియర్లు ఎన్ని గంటలు ఇవ్వగలదో చెప్పే లెక్క) లెడ్ యాసిడ్, అందులో సగం కంటే ఎక్కువ వాడితే బ్యాటరీ ఆయుష్షు తగ్గుతుంది. అంటే మూడున్నర గంటల్లో అయిపోతుంది. అదే 2.5 వాట్ల ఎల్ఈడీలైతే ఎనిమిదీ కలిపి 20 వాట్లు, 1.7 ఆంపియర్ల లోపే, దాదాపు ముప్పై గంటలు. గండికోట దగ్గర రాత్రి ఆగితే ఈ తేడా ఎంతో ఆలోచించండి.

బాక్సు మీద 12 వోల్టులు అని ఉంటే చాలనుకోకూడదు. ఇంజిన్ నడుస్తున్నప్పుడు ఆల్టర్నేటర్ (ఇంజిన్‌తో తిరిగి కరెంటు పుట్టించేది) 14 వోల్టులకు పైనే ఇస్తుంది, చవక ఎల్ఈడీలు ఆ ఎక్కువ వోల్టేజికి వేడెక్కి త్వరగా పోతాయి. 10 నుంచి 30 వోల్టుల దాకా తట్టుకుంటుందని రాసి ఉన్నవి తీసుకున్నాం, కాస్త రేటెక్కువ. అంగడాయన ఓపిక్కి కూడా థ్యాంక్స్, మూత పడుతుందో లేదో చూసుకోవడానికి రెండు రకాలు ఇచ్చి పంపాడు, డబ్బులు తర్వాత తీసుకున్నాడు. లావు బల్బు మూతకు తగులుతుంది, అది వాపసు ఇచ్చేశాం. రంగు విషయంలో ఇంట్లో చిన్న యుద్ధం జరిగింది. మా ఆయనకు తెల్లగా ఆసుపత్రి వెలుతురు కావాలి, నాకు వెచ్చటి పసుపు. సీలింగుకు 3000 కెల్విన్ (వెలుతురు రంగు కొలత) పసుపు, స్టవ్వు దగ్గర తెలుపు. నేనే గెలిచాను అనుకోండి.

ఎల్ఈడీ పెట్టగానే వెలగకపోతే కంగారు పడొద్దు. పాత బల్బుకు ప్లస్, మైనస్ ఏదైనా ఒకటే, చాలా ఎల్ఈడీలకు కాదు. మా బండిలో రెండు వైర్లూ తెలుపే! మీటర్‌తో ఏది ప్లస్సో చూసి గుర్తు పెట్టి, తిరగేసిన రెండు చోట్ల మార్చారు. అతుకుల దగ్గర పాత టేపు జిగురంతా కారి బంకబంకగా ఉంది, మన ఎండలకు టేపు నిలవదని మిస్త్రీ అన్నిటికీ క్రింప్ చేసి (చిన్న లోహపు తొడుగులో వైర్లు పెట్టి గట్టిగా నొక్కి) పైన వేడికి ముడుచుకుని బిగుసుకునే హీట్ ష్రింక్ గొట్టం తొడిగాడు. ఆ పని చూడముచ్చటగా ఉంది.

స్టవ్వు మీద ట్యూబ్‌లైట్‌కు లోపల చిన్న ఇన్వర్టర్ ఉంటుంది, 12 వోల్టులను ట్యూబుకు కావలసినంత పెద్ద వోల్టేజిగా మారుస్తుంది. అది కాలిపోయింది. దాన్ని పూర్తిగా పక్కకు తీసేసి, అదే డబ్బాలో ఎల్ఈడీ పట్టీ అంటించి నేరుగా 12 వోల్టుల లైను ఇచ్చారు. ఆ ఇన్వర్టర్ వైర్లకు మాత్రం ఎల్ఈడీ కలపకూడదు. చదువుకునే లైట్లలో రెండు సన్న పుల్లల హాలోజన్‌లు ఉన్నాయి, వాటికి సరిపోయే ఎల్ఈడీలు ఆన్‌లైన్‌లో దొరికాయి.

పగిలిన మూతకు బదులు నేమ్ బోర్డులు చేసే తమ్ముడు పాల రంగు యాక్రిలిక్ షీటు కోసి, అంచులు నున్నగా చేసి ఇచ్చాడు. పక్కన పెట్టి చూస్తే మిగతా మూడే పాతబడినట్టున్నాయి, ఇక వాటినీ మార్చమని మా అత్తమ్మ అంటోంది.

ఒక చిన్న తలనొప్పి మిగిలింది. తలగడ దగ్గరి ఆ రెండు బుల్లి లైట్లూ వేస్తే రేడియోలో బుయ్‌మని రొద. ఆకాశవాణి అనంతపురం లేకుండా మా మామయ్య బండెక్కడు. బల్బు లోపలి సర్క్యూట్ వల్ల అలా వస్తుందట, వైరు మీద ఫెరైట్ రింగు (ఇలాంటి రొదను అడ్డుకునే నల్లటి ఉంగరం లాంటిది) వేస్తే తగ్గుతుందని పక్కింటి అబ్బాయి అంటున్నాడు. వేరే కంపెనీ బల్బులు వాడి రొద లేనివాళ్లు ఉంటే ఏవి వాడారో చెప్పండి.

మిస్త్రీ న్యాయంగా తన కూలి తాను తీసుకున్నాడు, మిగతా ఎవరూ రూపాయి ముట్టలేదు. ఆదివారం మా ఇంట్లో ఉగ్గాని, బజ్జీలు, ఓళిగలు. సాయం చేసిన అందరూ రావాలి, మిస్త్రీ, మీరు పనుందని తప్పించుకోవద్దు. తీసేసిన ఇండికేటర్ బల్బుల్లో ఐదు బాగా వెలుగుతున్నాయి, ఆటోలకు, లారీలకు 12 వోల్టుల లైను ఉన్నవాళ్లు ఎవరైనా ఊరికే తీసుకెళ్లొచ్చు. 24 వోల్టుల బండ్లకు మాత్రం పెట్టకండి, వెంటనే మాడిపోతాయి.