ఊరు విడవాలా వద్దా అన్నది స్కూలు బస్సు తేల్చకూడదు

సంపాదకులు గారికి నమస్కారం.

మే నెల వచ్చిందంటే మా తిప్పర్తి మండలంలో చాలా ఇళ్లలో ఒకటే చర్చ. పిల్లలను తీసుకుని నల్లగొండకు మారిపోవాలా, ఊళ్లోనే ఉండి రోజూ బస్సెక్కించాలా? పిల్లలు టౌన్‌లో ప్రైవేటు స్కూలుకు పోతున్న ప్రతి ఇంట్లో ఈ మాట నడుస్తోంది. రామగిరిలో, హైదరాబాద్ రోడ్డు పక్క కాలనీల్లో, పానగల్ వైపు టూలెట్ బోర్డులు చూసుకుంటూ మా పల్లెలవాళ్లు ఎండలో తిరుగుతున్నారు. ఎవరింటి సంగతి వాళ్లే చూసుకోవాలి, ఇందులో ప్రభుత్వం చేసేదేముంది అని చాలామంది అనుకుంటారు. ఉందని చెప్పడానికే ఈ ఉత్తరం.

స్కూలు ఏదన్నది మా ఇళ్లలో ఎప్పుడో తేలిపోయింది. ఫీజు ఎంతన్నదీ తెలుసు. ఇల్లు ఎక్కడ అన్నదే తేలదు. దాన్ని తేల్చేది మా పొలమో, మా పెద్దవాళ్లో, పిల్లల ఇష్టమో కాదు. స్కూలు బస్సు మా స్టేజీ దగ్గర ఆగుతుందా లేదా అన్నదే తేలుస్తోంది.

టౌన్‌కు మారడమంటే సామాను సర్దుకుని పోవడం ఒక్కటే కాదు. మాది వ్యవసాయం. బర్లున్నాయి, యాసంగి వరి ఉంది, కాళ్ల నొప్పులతో అత్తమ్మ ఉంది. మారితే నేనూ పిల్లలూ టౌన్‌లో, మా ఆయనా అత్తమ్మా ఊళ్లో. అంటే రెండు పొయ్యిలు, రెండు కరెంటు బిల్లులు. ఇంట్లో పాలు పిండుకునేవాళ్లం టౌన్‌లో ప్యాకెట్ కొనాలి. మా వీధిలోనే రెండు ఇళ్లు ఇలా విడిపోయాయి. ఆ మగవాళ్లు పొద్దున పొలం పనులు చేసుకుని, తామే వండుకుని, వారానికోసారి పిల్లల ముఖం చూసి వస్తున్నారు. వాళ్ల నిర్ణయాన్ని నేను తప్పుపట్టను. కానీ అది వాళ్లు కోరుకున్నది కాదు.

ఇక ఊళ్లోనే ఉన్నవాళ్ల సంగతి. నల్లగొండ మాకు మరీ దూరమేమీ కాదు. బండి మీద పోతే అరగంట. స్కూలు బస్సు మాత్రం ఒక్కో ఊరు తిరుగుతూ, ఒక్కో స్టేజీ దగ్గర ఆగుతూ పోతుంది కాబట్టి మొదట ఎక్కే పిల్లలకు గంటకు పైనే పడుతుంది. మా బాబు రెండో తరగతి. ఏడు గంటలకల్లా స్టేజీ దగ్గర ఉండాలి. నోట్లో ముద్ద అలాగే పెట్టుకుని ఎక్కుతాడు, బ్యాగు మీద తల వాల్చి నిద్రపోతాడు. సాయంత్రం చివర దిగేదీ వీళ్లే. చలికాలంలో దిగేసరికి చీకటి పడుతుంది. హోంవర్కు ముందు పెట్టుకుని కూర్చున్న పిల్లాడికి కళ్లు మూతలు పడుతుంటే ఏ తల్లికైనా టౌన్ కిరాయి ఇల్లే గుర్తొస్తుంది.

మా అందరికీ ఎక్కువ దెబ్బ తగిలింది మాత్రం బస్సు ఆగిపోయినప్పుడు. జూన్‌లో అడ్మిషన్లప్పుడు మా రూటుకు బస్సు ఉందన్నారు. బస్సు ఫీజు మొదటి వాయిదా కట్టించుకున్నారు. దసరా సెలవులు అయ్యాక మీ వైపు పిల్లలు తక్కువున్నారు, డీజిల్ గిట్టడం లేదు, మీరే ఏదో ఒక ఏర్పాటు చూసుకోండి అన్నారు. ఏడాది మధ్యలో స్కూలు మార్చలేం, అప్పుడు టౌన్‌లో ఇల్లు దొరకదు. అందరం కలిసి ఆటో మాట్లాడుకున్నాం.

ఆ ఆటోను ఒక్కసారి దగ్గర నుంచి చూడమని జిల్లా అధికారులను కోరుతున్నాను. వెనక సీటుకు ఎదురుగా ఒక చెక్క బల్ల వేస్తారు. దాని మీద చిన్నపిల్లలు మోకాళ్లు ఒకరివి ఒకరికి తగిలేలా కూర్చుంటారు. డ్రైవరుకు అటొకరు ఇటొకరు. బ్యాగులన్నీ బయట కొక్కేలకు వేలాడుతుంటాయి, పక్క నుంచి లారీ పోతే ఆ గాలికి ఊగుతాయి. ఆటో నడిపేది మా ఊరి అబ్బాయే, మంచివాడు, పిల్లలను పేరు పెట్టి పిలిచి దించుతాడు. తక్కువ మందిని ఎక్కించుకుంటే అతనికి కిస్తీ కూడా వెళ్లదు. అతన్ని ఒక్కడినే దోషిగా నిలబెట్టి చలానా రాస్తే మర్నాడు ఆ పిల్లలు బడికి ఎలా పోవాలో కూడా ఎవరో ఒకరు చెప్పాలి.

పైగా మా దారి నార్కట్‌పల్లి–అద్దంకి నాలుగు వరుసల రోడ్డు. మిర్యాలగూడ రైసు మిల్లుల లారీలు, ఆంధ్రా వైపు పోయే బస్సులు, కార్లు అన్నీ దీని మీదే. రోడ్డు బాగుంది, అందుకే వేగం. మధ్యలో డివైడర్ ఉంటుంది, యూటర్న్ ఎక్కడో దూరంగా ఉంటుంది కాబట్టి ఆటోలు, బండ్లు రాంగ్ రూట్లో పోతుంటాయి. సాయంత్రం పిల్లలు అవతలి వైపు దిగి, డివైడర్ ఎక్కి ఇవతలికి ఉరుకుతారు. చాలా స్టేజీల దగ్గర లైటు లేదు. కోతల కాలంలో లోపలి రోడ్ల మీద సగం మేర వడ్లు ఆరబోస్తాం, మేమూ ఆరబోసినవాళ్లమే. కల్లాలు చాలవు, వాన ఎప్పుడు పడుతుందో తెలియదు, రైతు ఇంకెక్కడ ఆరబెట్టుకోవాలి? కానీ ఆ వడ్ల కుప్పను తప్పించబోయి బడి ఆటో పక్కకు తిరిగిన ప్రతిసారీ నా గుండె జల్లుమంటుంది.

చట్టాలు లేక కాదు ఈ బాధ. 2014 జూలై 24న మెదక్ జిల్లా మాసాయిపేట దగ్గర కాపలా లేని రైల్వే గేటు దాటుతున్న స్కూలు బస్సును రైలు ఢీకొట్టి పసిపిల్లలు చనిపోయిన రోజు మనకు గుర్తుంది. ఏటా మే 15తో స్కూలు బస్సుల ఫిట్‌నెస్ గడువు ముగుస్తుంది, బడులు తెరిచేలోపు ఆర్టీఏ దగ్గర మళ్లీ పరీక్ష చేయించుకోవాలి. ఇది మంచి నిబంధన. అయితే ఆ పరీక్షకు వచ్చే బస్సులనే అధికారులు చూస్తారు. ఏడాది మధ్యలో ఆగిపోయిన బస్సునూ, దాని బదులు వచ్చిన ఆటోనూ ఎవరు చూస్తున్నారు?

ఫీజుల మాటా అంతే. 1994 నాటి జీవో నంబరు 1 ప్రకారం ప్రైవేటు స్కూలు యాజమాన్యం వచ్చిన ఆదాయంలో 5 శాతానికి మించి లాభం తీసుకోకూడదు. 2017లో ప్రభుత్వం ప్రొఫెసర్ తిరుపతిరావు కమిటీని వేసింది. ఫీజుల మీద ఇన్నేళ్లుగా ఇంత చర్చ జరిగింది కానీ మాలాంటి పల్లెల వాళ్లకు బస్సు ఫీజు కూడా చదువు ఫీజే. దానికి రసీదులో ఒక వరుస తప్ప ఏ హామీ లేదు. ఏ రూటు, ఎన్ని గంటలకు, ఏడాది పొడుగునా నడుస్తుందా, ఆపితే డబ్బు వాపసు ఇస్తారా అన్నది అడ్మిషన్ నాడే కాగితం మీద రాసి ఇవ్వాలి. ఇవ్వని స్కూలు బస్సు ఫీజు వసూలు చేయకూడదు.

ఆర్టీసీ తలుచుకుంటే ఈ బాధలో సగం తీరుతుంది. 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద ఆడపిల్లలకు, ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచితం. మా పాప ఎనిమిదో తరగతి. బస్సు దొరికిన రోజు జీరో టికెట్ మీద పోతోంది, మాకు పెద్ద ఊరట. దొరకడమే కష్టం. ఎక్స్‌ప్రెస్ మా స్టేజీలో ఆపరు. పల్లెవెలుగు వచ్చేసరికి ఫుట్‌బోర్డు దాకా జనం. ఒకటి ఎనిమిదికి ముందే వెళ్లిపోతుంది, తర్వాతది వచ్చేలోపు బడి గంట కొడతారు. కొత్త బస్సులు కొనమని అడగడం లేదు. ఉన్న ట్రిప్పుల్లో పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి బడి గంటకు సరిపోయేలా జరపమని అడుగుతున్నాం. మిర్యాలగూడ రోడ్డుకే కాదు, కనగల్, మునుగోడు, కట్టంగూరు వైపు పిల్లలకూ ఇదే కావాలి.

ఇంత బాధ ఎందుకు, ఊళ్లో సర్కారు బడి ఉంది కదా అనేవాళ్లున్నారు. న్యాయమైన ప్రశ్నే. విద్యా హక్కు చట్టం నిబంధనల్లో ఐదో తరగతి దాకా కిలోమీటరు లోపు, ఎనిమిదో తరగతి దాకా మూడు కిలోమీటర్ల లోపు బడి ఉండాలని రాశారు. పసిపిల్లలు ఎంత దూరం నడవగలరో ఆలోచించి రాసిన మాట అది. 2022-23 నుంచి సర్కారు బడుల్లో ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లీషు మీడియం కూడా వచ్చింది. కానీ పిల్లలు తగ్గేకొద్దీ టీచర్లు తగ్గుతారు, ఒకే టీచరు నాలుగు తరగతులు చూస్తుంటే ఉన్నవాళ్లూ వెళ్లిపోతారు. ఆ బడి నిలబడాలని నేనూ గట్టిగా కోరుకుంటాను. ఊళ్లో కుటుంబాలు మిగిలితేనే అది నిలబడుతుంది. ఇళ్లకు తాళాలు పడ్డ ఊళ్లో ఎంత మంచి బడి కట్టినా అందులో కూర్చునేదెవరు?

టౌన్‌లో ఉంటే పిల్లలకు లాభాలు లేవని నేను అనను. ట్యూషన్ దగ్గర, లైబ్రరీ దగ్గర, జ్వరమొస్తే డాక్టరు దగ్గర. తాతల కాలం నుంచి వ్యాపారమో ఉద్యోగమో టౌన్‌లో ఉన్నవాళ్లకు అదే సరి. పొలం మీద బతికే మాకు మాత్రం ఊళ్లో ఉండటమే మంచిదని నా అభిప్రాయం. తండ్రి రోజూ కళ్ల ముందుండాలి, నానమ్మ దగ్గర పడుకోవాలి. ఎవరు ఏది ఎంచుకున్నా అది ఇష్టంతో ఎంచుకున్నదై ఉండాలి, బస్సు రాక కాదు.

కలెక్టర్ గారు జూన్ మొదటి వారంలోపు ఆర్టీసీ డిపో మేనేజరును, ఆర్టీఏ అధికారిని, డీఈఓను, స్కూళ్ల యాజమాన్యాలను, మా లాంటి తల్లిదండ్రులను ఒక్క చోట కూర్చోబెట్టాలని కోరుతున్నాను. ఏ స్కూలు బస్సు ఏ ఊరికి పోతుంది, ఆర్టీసీ ట్రిప్పులు ఎన్ని గంటలకు అన్న జాబితా పంచాయతీ నోటీసు బోర్డు మీద పెట్టించాలి. పెద్ద రోడ్డు మీద పిల్లలు దిగే స్టేజీలకు లైట్లు, దాటేందుకు దారి ఈ వేసవిలోనే చూడాలి. జూన్ 12న బడులు తెరుస్తారు. టౌన్‌లో ఇంటికి ఇంకా అడ్వాన్సు ఇవ్వని కుటుంబాలు మా మండలంలో చాలానే ఉన్నాయి. ఆ జాబితా ముందే వస్తే ఇల్లు మారాలా వద్దా అన్నది వాళ్లు అది చూసి తేల్చుకుంటారు.

ఇట్లు,
ఇద్దరు పిల్లల తల్లి,
తిప్పర్తి మండలం, నల్లగొండ జిల్లా