వార్షిక నివేదిక: ఆదివారం లెక్కల తరగతి

సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది, సంక్రాంతి ఎప్పటిలాగే బాగా జరిగాయి. వాటి జమాఖర్చులు కోశాధికారి చదువుతారు. నేను మాత్రం ఆదివారం లెక్కల తరగతి గురించే ఎక్కువ చెప్పాలనుకుంటున్నాను. ఈ ఏడాది మనం చేసిన పనుల్లో నాకు బాగా తృప్తినిచ్చింది అదే.

చెన్నై పెరంబూరులో 6 నుంచి 8వ తరగతి దాకా చదివే 19 మంది పిల్లలతో జూన్‌లో మొదలుపెట్టాం. పుస్తకంలోని లెక్కలు కాకుండా మన ఇళ్ల నీళ్ల లెక్కలే తీసుకున్నాం. 2019 ఎండల్లో చెన్నైకి నీళ్లిచ్చే పూండి, చోళవరం, రెడ్‌హిల్స్, చెంబరంబాక్కం చెరువులు అడుగంటినప్పుడు నీళ్ల లారీ కోసం బిందెలు వరుసలో పెట్టి కాచుకున్న రోజులు పెద్దవాళ్లకు గుర్తే. ఈ పిల్లలు అప్పటికి మరీ చిన్నవాళ్లు.

మిద్దె మీద ఏడాదికి ఎంత వాననీరు పడుతుంది? ఇదే మొదటి లెక్క. చెన్నైలో ఏటా కురిసేది సుమారు 1,400 మిల్లీమీటర్లు. టేపు పట్టి కొలిస్తే ఒక సభ్యుడి మిద్దె 2,400 చదరపు అడుగులు తేలింది. ఏడో తరగతి పాప రెండూ గుణించి 33,60,000 లీటర్లని రాసింది. వాళ్ల నాయనమ్మ అది చూసి, "అన్ని నీళ్లుంటే లారీకి డబ్బులెందుకు పోస్తున్నామే?" అన్నారు. పాప 12,000 లీటర్ల లారీతో భాగించి చూసింది. 280 లారీలు! తప్పెక్కడో తనే వెతుక్కుంది. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. తను అడుగులను మీటర్లుగా లెక్కేసింది. సరిచేస్తే 223 చదరపు మీటర్లు, 3,12,200 లీటర్లు. వృథాకు 20 శాతం తీసేసినా దాదాపు 21 లారీలు. జవాబు నమ్మేలా ఉందా అని ఆగి చూసుకోవడం ఆ రోజు నుంచి పిల్లలందరికీ అలవాటైంది.

ఆ నీళ్లు ఎటు పోతున్నాయో చూద్దామని వాళ్లే బయల్దేరారు. మిద్దె మీది నుంచి దిగే నాలుగు గొట్టాల్లో ఒకటి ఇంకుడు గుంతలోకి కాక వీధి కాలువలోకి పోతోంది. తమిళనాడులో 2003 నుంచి ప్రతి భవనానికీ వాననీటి సేకరణ తప్పనిసరి. అయినా ఇన్నేళ్లూ ఆ గొట్టాన్ని ఎవరూ గమనించలేదు. దీపావళి వానలకు ముందే ఇంటివాళ్లు దాన్ని గుంతలోకి మళ్లించారు.

ఆంధ్రలోని కండలేరు జలాశయం నుంచి పూండి చెరువుకు వచ్చే కృష్ణా నీళ్ల లెక్క కూడా చేయించాం. ఒక్క టీఎంసీ (వంద కోట్ల ఘనపు అడుగులు) అంటే సుమారు 2,832 కోట్ల లీటర్లు, అంటే 23 లక్షలకు పైగా లారీలు. అన్ని సున్నాలు రాయడం పిల్లలకు భలే సరదాగా అనిపించింది.

సిటీ బస్సు ఎంతసేపటికొకటి వస్తుందో రాసి సగటు తీయాలనుకున్నాం. పరీక్షల టెన్షన్‌లో పిల్లలు రాక ఆ పని సగంలో ఆగింది. పరీక్షల నెలలో తరగతి పెట్టడం మాదే పొరపాటు.

జూన్‌లో తరగతులు మళ్లీ మొదలవుతాయి. ఇంట్లో బావి ఉన్న సభ్యులు పేరు ఇవ్వండి. నెలనెలా నీటిమట్టం కొలిచి గ్రాఫ్ గీయడానికి పిల్లలు తాడు, టేపుతో మీ ఇంటికి వస్తారు.