నిద్ర పడుతోందా అని కూడా అడగండి: జిల్లా వైద్యాధికారి గారికి బహిరంగ లేఖ

అయ్యా,

మాది గౌతమి ఒడ్డున లంక ఊరు. మా బావగారు నాలుగెకరాల రొయ్యల చెరువు కౌలుకు చేస్తున్నారు. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది. ఆ వేళ కరెంటు పోయి జనరేటర్ వెయ్యకపోతే పంటంతా తేలిపోతుంది. అందుకని గట్టు మీద షెడ్డులో, నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్ల చప్పుడు వింటూ కునుకు తీస్తారు. చప్పుడు ఆగితే మెలకువ! తిరగబడిన జోలపాట.

కిందటి పంట పోయాక ఇంట్లో పడుకున్నా ఆయనకు నిద్ర పట్టలేదు. "మీకు బరువైపోయాను" అన్నారోసారి, అన్నం కలుపుతూ. అక్క చేతిలో గరిటె ఆగిపోయింది. నేను నవ్వేసి మాట మార్చాను. తప్పు చేశాను.

2005లో అమెరికా మనస్తత్వవేత్త థామస్ జాయినర్ చెప్పింది ఈ మాట గురించే: నావాళ్లకు నేను భారం, నాకెవరూ లేరు అన్న రెండూ కలిస్తే చావాలన్న కోరిక బలపడుతుందని. నిద్రలేమికీ, పీడకలలకూ ఆత్మహత్య ముప్పుతో సంబంధం ఉందని చాలా అధ్యయనాల్లో తేలింది. నిద్ర పట్టనివాళ్లంతా అటు వెళ్తారని కాదు. సిగ్గుపడకుండా చెప్పుకోగలిగిన గుర్తు అది. చావాలనిపిస్తోందా అని సూటిగా అడిగితే లేని ఆలోచన పుడుతుందన్న భయానికీ ఆధారం లేదు.

ఆసుపత్రిలో బీపీ చూశారు, షుగర్ చూశారు, చీటీ రాశారు. నిద్ర సంగతి ఎవరూ ఎత్తలేదు.

ఆశా కార్యకర్తలకు ఈ ప్రశ్నలు నేర్పించండి. మనసు బాగోనివాళ్ల కోసం ప్రభుత్వం పెట్టిన ఫోన్ సాయం టెలీ మానస్, 14416 నంబరు, 2022 నుంచి ఉంది, ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు. మేత దుకాణాల గోడల మీద రాయించండి. బావగారు నేను పట్టుబట్టాకే ఫోన్ చేశారు. ఇప్పుడు వారానికి మూడు రాత్రులు చెరువు కాపలా నాది.

ఇట్లు,
లంక నుంచి ఓ బావమరిది